కుడివైపు వెనక చక్రం

గీత ఎక్కడ మొదలైందో కన్ను చెబుతుంది. ఎక్కడ ఆగిందో చెప్పవలసింది బొటనవేలు. క్రిసాంతో దుమ్‌లావ్ ఆ తెల్ల కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కుడివైపు వెనక చక్రం అంచు మీద వేలు ఆనించి నెమ్మదిగా చుట్టూ నడిపించాడు. వేలు బయలుదేరిన చోటికే తిరిగి వచ్చింది. దారిలో గరుకు ఎక్కడా తెగలేదు.

అది అతనికి నచ్చలేదు. చక్రం కాలిబాట అంచురాయికి రాసుకోవడం కెనడాలోని ఈ విన్నిపెగ్‌లో జలుబు చేసినంత మామూలు. బండి నిలపబోతూ రాసుకుంటే అరచేయంత గీత పడుతుంది. మలుపు తొందరపడి తిప్పితే గీత కొడవలిలా వంగుతుంది. ఏ గీతకైనా చివర చిన్న గుంట ఉంటుంది. నడిపే మనిషి ఉలిక్కిపడి చక్రాన్ని పక్కకు లాగేసిన చోటు అది. ఇళ్ళకు వెళ్ళి చక్రాలు బాగుచేసే ఇన్నేళ్ళ పనిలో క్రిసాంతో ఆ గుంటలోనే మనిషిని చూస్తూ వచ్చాడు. ఈ గీతలో గుంట లేదు. రాయి లోహాన్ని కొరుకుతుండగానే చక్రం నిండుగా ఒక చుట్టు తిరిగింది. నడిపినవారు ఆ చప్పుడు వినలేదు, లేదా విని, అది తమది కాదనుకున్నారు.

“ఈసారి గట్టిగానే గీకాను కదూ నాయనా?” అన్నాడు ఒరెస్ట్ కోజుబ్, మెట్ల పక్కన మడతకుర్చీలో కూర్చుని. ఎనభై దాటిన మనిషి. జూన్ ఎండలో కూడా మెడ దాకా బొత్తాలు పెట్టుకుని ఉన్నాడు.

“గట్టిగానే సార్. పాపం ఆ రాయి ఏం చేసింది మిమ్మల్ని?”

“దానికీ నాకూ పాత పగ.”

ఈ వసంతంలో ఇది మూడోసారి. ప్రతిసారీ అదే చక్రం, ప్రతిసారీ బుధవారం పొద్దున. బుధవారాలు ముసలాయన భార్య వెర్నా చర్చి నేలమాళిగలో మిగతా ఆడవాళ్ళతో కూర్చుని, అమ్మకానికి పెరోగీలనే బంగాళాదుంప కజ్జికాయలు మడుస్తుంది. పొరుగావిడ వచ్చి తీసుకుపోతుంది కనుక కారు ఇంటి ముందే ఉంటుంది. వెర్నాను క్రిసాంతో ఎప్పుడూ చూడలేదు.

చక్రం కడిగి, జిడ్డు తుడిచి, ఉప్పుకాగితం చేతిలోకి తీసుకోబోతూ ఆగాడు. గీత లోతులో ఏదో రంగు ఉంది. కత్తి మొనతో గీరితే గోరంత పెచ్చు లేచింది. పసుపు రంగు. కాలిబాట రాళ్ళు బూడిదరంగులో ఉంటాయి. పసుపు పూసేది ఎవరూ బండి నిలపకూడని చోట మాత్రమే.

“ఇది ఎక్కడ తగిలింది సార్? పసుపు అంటుకుంది.”

“పసుపా?” అన్నాడు ముసలాయన. “ఏదో కొట్టు దగ్గరయి ఉంటుంది. ఎవడికి గుర్తు.”

పైన ఎల్మ్ చెట్ల నుంచి ఆకుపచ్చ పురుగులు దారాలు వదులుకుంటూ దిగుతున్నాయి. ఈ నెలలో వీధిలో నడిచేవాళ్ళంతా ముఖం ముందు చేతులాడిస్తూ నడుస్తారు. పూత తడిగా ఉండగా పురుగు పడిందంటే పనంతా మొదటికి వస్తుంది కనుక క్రిసాంతో చక్రం మీదకి గొడుగు వంచి కట్టాడు. కట్టి తలెత్తేసరికి ఒక పురుగు సరిగ్గా ఒరెస్ట్ ముక్కు ముందు, జానెడు దూరంలో వేలాడుతూ మెలికలు తిరుగుతోంది. ముసలాయన రెప్ప వేయలేదు. చూపు పురుగులోంచి దూసుకుపోయి ఎక్కడో నిలిచి ఉంది. ఆయన చెయ్యి కాఫీకప్పు కోసం బల్ల అంచు పట్టుకుని చీమలా పాకి, వేడి తగిలిన చోట ఆగింది.

క్రిసాంతో తల దించుకున్నాడు. ఒకరి రహస్యం అనుకోకుండా చూసినప్పుడు మనిషి ముందు చేసే పని అదే.

తర్వాత చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. గరుకును అరగదీశాడు. టైరుకూ రిమ్ముకూ మధ్య పేకముక్కలు ఒకదాని మీద ఒకటి సగం కప్పుతూ చుట్టూ దోపాడు. రంగు రబ్బరు మీద పడకుండా వాటిని మించిన అడ్డు లేదు. గీతలో లప్పం నింపి, ఆరనిచ్చి, మళ్ళీ అరగదీసి, వెండిరంగు వేసి, మెరుపు పూత కొట్టాడు. అన్నీ అయ్యాక ముక్కలు లాగేశాడు.

“చేత్తో చూడండి సార్. మెల్లగా.”

ఒరెస్ట్ కుర్చీ పట్టుకుని లేచి, కారు పట్టుకుని వంగి, మోకాలు నేలకు ఆనించాడు. వేళ్ళు చక్రం చుట్టూ తిరిగాయి. అవి పని తెలిసిన వేళ్ళు, ఎక్కడ వెతకాలో తెలిసిన వేళ్ళు.

“ఏమీ జరగలేదు,” అన్నాడు ముసలాయన. మెచ్చుకోలులా లేదు ఆ మాట. ఆసుపత్రి నుంచి మంచి కబురు అందుకున్నవాడు అన్నట్టుంది.

ఆ సాయంత్రం క్రిసాంతో భార్య మారివిక్, వృద్ధుల ఆశ్రమంలో పగటి డ్యూటీ ముగించుకుని వచ్చి, బూట్లు విప్పకుండానే పొయ్యి దగ్గర నిలబడింది. చింతపండు వేసిన చేపల పులుసు కుతకుతలాడుతోంది. క్రిసాంతో బల్ల దగ్గర కూర్చుని జరిగింది చెప్పాడు. పురుగు సంగతి దగ్గర ఆమె గరిటె ఆగింది.

“ఆయనకి కళ్ళు కనపడకపోతే బండి తోలేదెవరు మహానుభావా?”

“అదే ఆలోచిస్తున్నా.”

“ఆలోచిస్తూనే పని ముగించుకొచ్చావు.”

“నా పని చక్రం వరకే మారివిక్.”

“మా దగ్గరా అంతే అంటారు. దుప్పటి మార్చేవాళ్ళ పని దుప్పటి వరకేనట. కింద వీపు మీద పుండు కనిపిస్తే, కొత్త దుప్పటి కప్పేసి పొమ్మంటావా?”

అతను అన్నం కలుపుకున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని, గొంతు తగ్గించి అంది: “ఆయన భార్యే అయుంటుంది. బుధవారాలు ఆవిడ లేనప్పుడు పిలుస్తున్నాడంటే దాస్తున్నది ఆవిడ దగ్గరే.”

“తనే గీసి, తనకి తెలియకుండానా?”

“మా ఆశ్రమంలో వారానికొకరు చేరతారు అలాంటి మతిమరుపువాళ్ళు. పాపం మొగుళ్ళే చివరిదాకా ఒప్పుకోరు.”

క్రిసాంతో తన పనిని ఎన్నడూ అబద్ధంగా తలచలేదు. తండ్రి కారు గీసిన కొడుకు, యజమాని బండి రాసిన డ్రైవరు, కొత్త కారు తొలివారమే గీసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్న అమ్మాయి, అందరికీ అతను ఇచ్చింది ఒకటే: జరిగినదాన్ని వెనక్కి తీసుకునే వీలు. లోకంలో మరే వస్తువూ చక్రమంత సులువుగా క్షమించదనీ, తాను ఆ క్షమకు పనిముట్టుననీ అతనికి లోలోపల కొంత గర్వం ఉండేది. చెరిపిన గీత మరొకరి సొత్తు కావచ్చునన్న ఊహ అతనికెప్పుడూ రాలేదు. ఆ రాత్రి ముద్ద నోట పెట్టుకుంటుంటే బొటనవేలు కంచం అంచు చుట్టూ తనంతట తానే తిరగసాగింది. మారివిక్ చూసి, చెయ్యి వేసి ఆపింది.

మర్నాడు పొద్దున అతని వ్యాను పనికి పోవలసిన దారి వదిలి, ఒరెస్ట్ ఇంటికి నాలుగు వీధుల అవతలి బడి ముందు ఆగింది. ఆ చుట్టుపక్కల పసుపు పూసిన అంచురాయి అదొక్కటే. బడిబస్సులు వచ్చి నిలిచే చోటు. గంట కొట్టేశారు. బస్సులు వెళ్ళిపోయాయి. రాయి మీద వెతకవలసిన పని కూడా లేకపోయింది. పసుపు లేచిపోయి, నల్లటి రబ్బరు చార, దాని మీద సన్నగా వెండిగీత. చక్రం పక్కన లేకపోయినా ఆ గీతను అతను గుర్తుపట్టాడు. చీకట్లో తెలిసినవాడి దగ్గు గుర్తుపట్టినట్టు.

“ఏవన్నా పడిపోయిందా అండీ?” పిల్లల్ని రోడ్డు దాటించే ఆవిడ, నారింజరంగు చొక్కా విప్పి మడతపెట్టుకుంటూ అడిగింది.

“లేదండీ. ఇక్కడ ఒక తెల్ల కారు...”

“వెర్నా కారా? మీరు చుట్టాలా?”

“తెలిసినవాళ్ళు.”

“అయితే మీరైనా చెప్పండి. ముప్పయ్యేళ్ళు ఈ బడికి బస్సు నడిపింది మహాతల్లి. ఇప్పుడు బస్సుల వేళకి కారేసుకొచ్చి బస్సులాగే ఇక్కడ నిలుపుతుంది. పిల్లలు దిగేంతసేపు అద్దంలో చూస్తూ కూర్చుని పోతుంది. దిగేవాళ్ళెవరూ ఉండరు. పక్కన ఆయన, బొమ్మలా.”

“ఎవరూ ఏమీ అనరా?”

“ఏమంటాం? అందరికీ చెయ్యూపుతుంది. మంచి మనిషి.” ఆవిడ చొక్కా మడత విప్పి మళ్ళీ మడిచింది. “మొన్న మంగళవారం మాత్రం అంచెక్కింది. సరిగ్గా అక్కడ ఒక పిల్ల కూర్చుని బూటు లేసు కట్టుకుంటోంది. సంచి పట్టుకుని వెనక్కి లాగాను. ఆవిడ ఆగలేదు. చక్రం అలా గీరుకుంటూనే పోయింది.”

క్రిసాంతో రాయివైపే చూస్తున్నాడు.

“ఇవాళ పొద్దున ధైర్యం చేసి ఆమెతోనే అన్నాను. ‘వెర్నా, మంగళవారం నువ్వు ఇలా చేశావ’ని. వెంటనే దిగింది. కొట్లాడలేదు. ‘చూద్దాం పద’ అని నన్ను వెంటబెట్టుకుని బండి చుట్టూ తిరిగింది. గీత లేదు. అద్దంలా ఉంది చక్రం. నావైపు ఎలా చూసిందంటే... జాలిగా. ‘నీకు ఈమధ్య నిద్ర సరిగా లేదేమో’ అంది. ఇప్పుడు ఆలోచించుకుంటే నాకే అనుమానం, నేను నిజంగా చూశానా అని.”

మీరు చూసింది నిజమే. ఆ మూడు మాటలూ క్రిసాంతో నాలుక మీదకి వచ్చాయి. వాటి వెనకే రావలసిన మాట, చెరిపింది నేనే అన్నది రాలేదు. అది లేకుండా ముందుమాటకు అర్థం లేదు. “ఏమోనండీ,” అన్నాడు. వ్యాను ఎక్కి కూర్చున్నాక తెలిసింది, తన బొటనవేలికి పసుపు అంటుకుని ఉందని.

ఆదివారం ఒరెస్ట్ ఫోన్ చేశాడు. “మళ్ళీ గీకాను నాయనా.” గొంతులో వేళాకోళం లేదు. చర్చిలో పెరోగీల పని వేసవికి ఆపేశారట. ఇక వెర్నా ఇంట్లోంచి కదిలే రోజంటూ లేదు. సోమవారం పొద్దున్నే, ఆమె లేవకముందు రాగలవా అని అడిగాడు. రానని చెప్పడానికే వెళ్ళాలని క్రిసాంతో నిశ్చయించుకున్నాడు. అలాంటి మాట ఫోనులో చెప్పేది కాదు.

ఒరెస్ట్ మెట్ల మీద ఎదురుచూస్తున్నాడు. ఈసారి గీత అంచు దాటి చువ్వ మీదకి ఎక్కింది. క్రిసాంతో చూశాడు, కూర్చున్నాడు, సామానుపెట్టె తెరిచాడు, పేకముక్కలు దోపడం మొదలుపెట్టాడు. సగం చుట్టు దోపాక గాని తాను వచ్చింది ఇందుకు కాదన్న సంగతి గుర్తుకు రాలేదు. చేతులకు వేరే మతి ఉంటుంది.

“సార్,” అన్నాడు ఆగి. “బడి దగ్గరకి వెళ్ళాను. నాకు తెలుసు.”

ముసలాయన పక్కింటివాళ్ళకు వినపడకూడదన్నట్టు వంగి చెప్పాడు. “మార్చిలో మొదటిది తనే చూసింది. అక్కడే, ఆ చక్రం దగ్గరే, మధ్యాహ్నం దాకా నిలబడింది. చలిలో. రెండ్రోజులు ముద్ద ముట్టలేదు. ముప్పయ్యేళ్ళలో బస్సు మీద గోటిగీత పడనివ్వని మనిషి. మూడో రోజుకి మర్చిపోయింది. మళ్ళీ బయటికొచ్చి చూసింది, మళ్ళీ అదే మొదటిసారి. అంత బాధ, మొత్తం మొదటినుంచీ. ఎన్నిసార్లు చావాలి నాయనా ఒక మనిషి?”

“అక్కడ పిల్లలున్నారు సార్.”

“పక్కన నేనుంటాను. చెవులున్నాయిగా.”

“పోయిన మంగళవారం ఏం వినిపించింది?”

“గీరుకోవడం,” అన్నాడు ఒరెస్ట్. “ఒకరెవరో కేకేయడం. ఏం జరిగిందని అడిగితే, ఏమీ జరగలేదంది.”

తలుపు తెరుచుకుంది.

వెర్నా పూర్తిగా తయారై ఉంది. నీలం జాకెట్టు, దువ్విన తెల్లజుట్టు, చేతిలో తాళాలు. పొట్టి మనిషి. మగవాళ్ళిద్దర్నీ దాటి తిన్నగా కారు ముందుకు వెళ్ళింది. ముందు దీపాలు తట్టింది. వంగి బండి కింద చూసింది. “నూనె కారడం లేదు,” అంది పైకే, ఎవరో రాసుకుంటున్నట్టు. ఎడమవైపు ముందు చక్రం దగ్గర వంగి, అరచేతిని అంచు చుట్టూ తిప్పింది. “ఎడమ ముందు, బాగుంది.” వెనక్కి నడిచింది. “ఎడమ వెనక, బాగుంది.” బస్సు డ్రైవర్లు పొద్దున బండి తీసేముందు చేసే ప్రదక్షిణం అది. అది పూర్తి కాకుండా వాళ్ళు తాళం తిప్పరు. వెనక దీపాలు చూసుకుని ఆమె కుడివైపుకు వచ్చింది. అక్కడ క్రిసాంతో మోకాళ్ళ మీద ఉన్నాడు.

“కొంచెం జరుగు బాబూ. నేను చూసుకోవాలి.”

అతను జరిగాడు. ఆమె వంగింది. అరచెయ్యి సగం దూరం వెళ్ళి ఆగింది.

“ఒరెస్ట్, ఇది నేను చేసిందా?”

“కాదే. నేను, నిన్న, కాస్త...”

“నీకు కళ్ళు లేవు ఒరెస్ట్,” అంది ఆమె మృదువుగా. లేచి నిలబడి, పేకముక్కల వైపు, డబ్బాల వైపు, క్రిసాంతో చేతుల వైపు చూసింది. తెలివైన కళ్ళు. వాటి వెనక పగళ్ళు జారిపోతున్నాయంటే నమ్మడం కష్టం. “నువ్వు ఇంతకుముందు వచ్చావా ఇక్కడికి?”

ఒరెస్ట్ చెయ్యి గాలిలో కొద్దిగా లేచింది. వద్దన్నట్టు, దాదాపు దండం పెట్టినట్టు.

“వచ్చాను మేడమ్,” అన్నాడు క్రిసాంతో. “ఇది నాలుగోసారి.”

ఆమె కేక వేయలేదు. కారుకు వీపు ఆనించి నిలబడింది.

“నా బుర్ర నాకు ఏమీ చెప్పడం మానేసి చాలా రోజులైంది,” అంది, ఇద్దరిలో ఎవరివైపూ చూడకుండా. “నాకు తెలియదనుకుంటున్నారు కదూ. నిన్న ఏం తిన్నానో చెప్పలేను. కానీ బండి చెబుతుంది. రోజూ పొద్దున చుట్టూ తిరిగి దాన్నే అడుగుతున్నాను, నిన్న నేను ఎలా నడిపానని. గీత ఉంటే ఆ రోజుతో ఆపేద్దామనుకున్నాను. ఒక్క గీత ఉంటే చాలు.” చక్రాన్ని బూటు మొనతో తాకింది. “మీరిద్దరూ కలిసి దీనిచేత అబద్ధం చెప్పించారు.”

“నువ్వు తట్టుకోలేవని వెర్నా...”

“పిల్లలు తట్టుకుంటారా?”

జవాబు కోసం ఆగలేదు. తాళాలు కారు ముందు బోనెట్ మీద పెట్టి, వీపు నిటారు చేసింది. “ఈ బండి ఇవాళ బయటికి పోదు,” అంది. ఎవరికో నివేదించే గొంతుతో. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఒరెస్ట్ తడుముకుంటూ వచ్చి క్రిసాంతో భుజం పట్టుకున్నాడు. “రేపటికి మర్చిపోతుంది. నువ్వు పూర్తిచెయ్యి నాయనా. నిన్నే అడుగుతున్నా. రేపు మళ్ళీ ఇదంతా ఆమె చేత...”

క్రిసాంతో కూర్చుని, దోపిన పేకముక్కలు ఒక్కొక్కటే లాగాడు. ముసలాయన ఆ చప్పుడు విన్నాడు. అది పని మొదలుపెట్టే చప్పుడు కాదని ఆయన చెవులకు తెలిసింది. భుజం మీది చెయ్యి జారిపోయింది.

“రేపు ఆమె అడుగుతుంది సార్,” అన్నాడు క్రిసాంతో. “మీరే చెప్పాలి.”

మంగళవారం అతనికి ఆ వైపు పని లేదు. అయినా వ్యాను వీధికి అవతల ఆగింది. తలుపు తెరుచుకుంది. నీలం జాకెట్టు, తాళాలు. దీపాలు, నూనె, ఎడమ ముందు, ఎడమ వెనక. ఆమె కుడివైపుకు వచ్చేసరికి క్రిసాంతో స్టీరింగును రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. వంగింది. చెయ్యి ఆగింది. చాలాసేపు లేవలేదు. చూస్తుండగా ఆమె వీపు, ఎవరో పైనుంచి బరువు మోపుతున్నట్టు, కొద్ది కొద్దిగా కుంగింది. మార్చిలో ఒరెస్ట్ చూడలేక చూసింది ఇదేనని అతనికి తెలిసింది. తాను ఆపగలిగిన దాన్ని తాను కూర్చుని చూస్తున్నాడు. రేపూ ఇదే, ఎల్లుండీ ఇదే.

“ఒరెస్ట్, ఇది నేను చేసిందా?”

మెట్ల మీద ముసలాయన గొంతు సవరించుకున్నాడు. అది వీధి దాటి వినిపించింది. “అవును వెర్నా. నువ్వే.”

ఆమె తలూపింది. లేచి చుట్టూ చూసింది. వ్యాను మీద రాసి ఉన్న అక్షరాలు కంటబడ్డాయి. రోడ్డు దాటి తిన్నగా అతని దగ్గరకి వచ్చింది. ముఖంలో నిన్నటి జాడ లేదు.

“చక్రాలు బాగుచేస్తావా బాబూ? మాదొకటి గీసుకుంది. మా ఆయన దిగులు పెట్టుకున్నాడు.” ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించింది. “నాకూ దాన్ని చూస్తే ఏదోలా ఉంది. పోతుందా అది?”

కిటికీలోంచి అతనికి చక్రం స్పష్టంగా కనిపిస్తోంది. ఒక పూట పని. సామానంతా వెనకే ఉంది. అతని చేతిలో పోని గీత ఈ ఊళ్ళో లేదు.

“పోదు మేడమ్,” అన్నాడు. “లోతుగా దిగింది. దానికి ఎవరూ ఏమీ చెయ్యలేరు.”

ఆమె అతని కళ్ళలోకి చూసింది. నమ్మింది.

“సరే, అయితే ఉండనీ,” అంది. వెనక్కి వెళ్ళి, తాళాలు ఒరెస్ట్ జేబులో వేసి, ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ బడి ఉన్న వైపుకు నడిచారు, ముఖాల ముందు పురుగుల దారాలు తెంపుకుంటూ. వీధి చివర కాలిబాట అయిపోయిన చోట ఆమె ఆగి ఏదో అంది. ముసలాయన కాలెత్తి, జాగ్రత్తగా, అంచు దిగాడు.